ఏడో నంబరు సీటు

పిలవని పేరంటానికి పోకూడదంటారు పెద్దలు. బాగానే చెప్పారు. పిలవాల్సినవాళ్లు పిలవకుండా ఊరుకుంటే ఏం చేయాలో మాత్రం చెప్పకుండా తప్పించుకున్నారు. వనజాక్షికి సరిగ్గా అక్కడే చిక్కొచ్చి పడింది.

అనంతపురం కమలానగర్‌లో ఒక ఎరువుల దుకాణం మీది గదే ద్రాక్ష రైతుల సంఘం ఆఫీసు. వాన పడినా పడకపోయినా, బోరులో నాలుగు చుక్కలు కనిపిస్తే చాలు, ఎర్రనేలలో రాతికూసాలు పాతి, తీగెలు లాగి, ద్రాక్ష పందిళ్లు వేసే మొండి మనుషుల సంఘం అది. ఆ గదిలో ఒక బీరువా, ఒక ఫోను, ఒక పాత టైపు మిషను, వాటన్నిటినీ చూసుకోవడానికి ఒక వనజాక్షి. ఆమెకు నలభై మూడేళ్లు. పన్నెండేళ్లుగా అక్కడే పని. పురుగుమందుల కంపెనీలకు ఉత్తరాలు రాసేది ఆమె, కరెంటు ఆఫీసుకు అర్జీలు రాసేది ఆమె, మీటింగు రోజు మిక్చరు పొట్లాలు తెప్పించేదీ ఆమే.

జీతం లేని పని ఇంకొకటి కూడా ఉంది ఆమెకు. కోతలకు ముందు రైతులు తోటలోంచి ఒక గుత్తి తెంపి, సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తెస్తారు. ద్రాక్షగుత్తి పైనుంచి పండుతూ వస్తుంది. కొసనున్న పండు అన్నిటికంటే చివర తీపెక్కుతుంది. పైపండు తిని మురిసిపోయి కోసినవాడు మార్కెట్లో ఏడుస్తాడు. వనజాక్షి కొసపండు ఒక్కటి తెంపి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకా ఆరు దినాలు ఆగల్లన్నా" అందంటే ఆరు దినాలే. ఐదో రోజు కోసినవాడు తర్వాత వచ్చి చెంపలు వేసుకోవాల్సిందే. తీపి కొలిచే మిషనొకటి సంఘం కొన్నది గానీ, అది అట్టపెట్టెలోంచి బయటికి వచ్చింది తక్కువ.

రెండువేల ఆరో సంవత్సరం జనవరిలో, సంఘం ప్రెసిడెంటు తిప్పయ్య ఒక వ్యవసాయ పత్రిక చేతిలో ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. శింగనమల పక్క పదెకరాల తోట ఆయనది. అరవై ఏళ్ల మనిషి. ఆయన మాట్లాడితే కింద ఎరువుల దుకాణంలో కూడా వినపడుతుంది.

"వనజమ్మా, ఇది చూడు. నాసిక్ కాడ ద్రాక్షతో వైన్ చేస్తాండారంట. జనాలు కార్లేసుకుని పోయి, తోటలు చూసి, కొండలు చూసి, ఆ వైన్ రుచి చూసి వస్తాండారంట. పండు మనమూ పండిస్తాండాం. మనం ఏంటికి చూడగూడదు? ఫిబ్రవరిలో, మన కోతలు మొదలయ్యే లోపల పోయొస్తాం. అంతా నువ్వే చూడల్ల. నాకు ఇంగ్లీషు రాదు, మరాఠీ రాదు, కోపమొక్కటే వస్తాది."

అంతే. ఆ రోజు నుంచి వనజాక్షికి నెల రోజులు ఆ యాత్రే లోకమైపోయింది.

నాసిక్ దగ్గరి ఒక వైన్ కంపెనీకి ఉత్తరం రాసింది. వాళ్లు రంగుల పుస్తకమొకటి పంపారు. పచ్చటి కొండలు, కొండల మధ్య డ్యాము నీళ్లు, నీళ్ల దాకా దిగిపోయే ద్రాక్ష వరసలు. ఒక మేడ మీద పొడుగాటి బల్ల, దాని మీద వరసగా గాజు గ్లాసులు. వనజాక్షి ఆ బొమ్మను చూసి చూసి పుస్తకం ఆ పేజీ దగ్గర దానంతటదే తెరుచుకునేట్టు చేసింది. పుట్టినప్పటి నుంచి ఆమె చూసింది ఈ రాళ్లగుట్టలు, ఈ వేరుశనగ చేలు, కళ్లలో దుమ్ము కొట్టే ఈ గాలి. అన్ని నీళ్లు ఒకచోట నిలబడి ఉంటే పక్కన కూర్చోవాలనిపించింది. ఎవరితోనైనా కూర్చోవాలనిపించింది. అసలు సంగతి ఈ రెండోదే.

సంఘం మీటింగులో ఆ పుస్తకం చదివి వినిపించింది. ఈసారి భార్యలను కూడా తీసుకుపోవాలని తీర్మానం కాబట్టి ఆడవాళ్లూ వచ్చారు. తిప్పయ్య భార్య వెంకటలక్ష్మమ్మ ముందు వరసలో కూర్చుని చెంగు నడుముకు దోపుకుంది.

"వైన్ షాపు ముందర నిలబడినాడంటేనే మా ఆయన్ను వారం దినాలు తిడతా. ఇప్పుడు నేనే ఎనిమిదినూర్ల కిలోమీటర్లు పోయి తాగల్లనా?" అంది. గదంతా గొల్లుమంది.

"ఇది ఆ వైన్ షాపు కాదు వదినా," అంది వనజాక్షి నవ్వుతూ. "దీనికి ఒక పద్ధతుండాది. ముందు గ్లాసు వెలుతురుకు పట్టి రంగు చూడల్ల. తర్వాత మెల్లగా తిప్పల్ల. వాసన చూడల్ల. ఒక్క గుక్క నోట్లో పోసుకుని నాలుకంతా తిప్పల్ల. ఆ తర్వాత పక్కన పెట్టిన గిన్నెలో ఊసేయల్ల."

"ఊసేదానికా ఇంత దూరం పోయేది?" తిప్పయ్య లేచి నిలబడ్డాడు. "రైతు పండించింది ఊస్తారా ఎవరన్నా? మనోళ్లెవరూ ఊసేది లేదు. మింగల్ల. రాసుకో వనజమ్మా."

రాసుకుంది. మినిట్సు పుస్తకంలో అది ఇప్పటికీ ఉంది.

ముప్పై ఆరు సీట్ల బస్సు మాట్లాడింది. డ్రైవరు ఆంజి. దారిలో ఫలహారం బళ్లారిలో, భోజనం హొస్పేట దాటాక, రాత్రికి షోలాపూరులో సత్రం. రెండో రోజు సాయంత్రానికి నాసిక్. మూడో రోజు పదకొండు గంటలకు రుచి చూసే బల్ల దగ్గర. ఎవరికి బీపీ మాత్రలు, ఎవరికి షుగరు మాత్రలు, ఎవరు మంగళవారం మాంసం తినరు, ఎవరికి కిటికీ పక్కన కాకపోతే వాంతులు, అన్నీ ఆమె కాగితం మీద ఉన్నాయి. సీట్ల పటం గీసి ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పేరు రాసింది. ముప్పై ఐదు పేర్లు. ఏడో నంబరు ఖాళీ.

ఆ ఖాళీ గడిలో రాసుకోవడానికి ఆమె దగ్గర పేరు లేక కాదు. ఒక్కరు, ఒకే ఒక్కరు, "నువ్వూ రా వనజా" అనాలి. అంటే రాసుకుంటుంది. నెల రోజులుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

అడగొచ్చు కదా, నోరు లేదా అని మీరు అనొచ్చు. నోరుంది. కరెంటు ఆఫీసు ఇంజనీరునే గడగడలాడించిన నోరు. అయితే దాని వెనక ఒక కథ ఉంది.

వనజాక్షి మొగుడు పదిహేడేళ్ల కిందట లారీ ఆఫీసులో పనికని బళ్లారి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి బతికే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. అందుకని వనజాక్షి నుదుట బొట్టు ఉంది, మెడలో పుస్తెలు ఉన్నాయి, పక్కన మనిషి లేడు. పేరంటాలకు పిలిచేవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని వీధిలోకి వచ్చి, ఆమె గేటు దగ్గరికొచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అప్పటికీ ఆమె పట్టించుకోలేదు. పదేళ్ల కిందట ధర్మవరంలో సొంత చిన్నమ్మ కూతురి పెళ్లి. కార్డు రాలేదు. సొంతవాళ్లకు కార్డేమిటి, మూడు రోజుల ముందు పోయి చేతిసాయం చేయాలి గానీ, అనుకుని సంచి సర్దుకుని వెళ్లింది. పసుపు పళ్లెం పట్టుకుని వంటింటి గడప దగ్గరికి పోయేసరికి లోపలినుంచి చిన్నమ్మ గొంతు వినపడింది. "దీన్నెవరు పిలిచినారే? మొగుడొదిలేసింది పసుపు దంచేకాడ ఏంటికి?"

పళ్లెం గడప మీద పెట్టి, వచ్చిన సంచితోనే మరుసటి బస్సుకు తిరిగి వచ్చింది. ఆ రోజు పెట్టుకుంది ఒట్టు. నోరు తెరిచి పిలవనిదే ఎవరి గడపా తొక్కకూడదు. పిలిచినా మొహమాటానికి పిలిచారా మనసారా పిలిచారా అని పదిసార్లు చూసుకోవాలి. అడిగి పిలిపించుకోవడమైతే చచ్చినా కూడదు.

ఆ ఒట్టుతో పదేళ్లు బతికింది. బతకడానికి ఏం, బాగానే ఉంటుంది. ఆదివారాలే కొంచెం పొడుగు.

ఒక ఆదివారం ఆమె ఏం చేసిందో చెబితే నవ్వుతారు. ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులు. బజారుకు పోయి ఒకే ఒక్క గాజు గ్లాసు కొనుక్కొచ్చింది. రైతులెవరో వదిలిపోయిన నల్లద్రాక్ష పిండి, గుడ్డలో వడగట్టి, ఆ రసం గ్లాసులో పోసింది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి రంగు చూసింది. మెల్లగా తిప్పింది. వాసన చూసింది. ఒక గుక్క నాలుక మీద ఆడించి, "మూడు దినాలు ముందే కోసినారు" అని పైకే అంది. వినేవాళ్లు లేరు. ఊసేద్దామనుకుని, తిప్పయ్య మాట గుర్తొచ్చి మింగేసింది. అక్కడ చలి ఎక్కువని పుస్తకంలో రాశారు కాబట్టి, చలికాలంలో గడియారం స్తంభం దగ్గర టిబెట్ వాళ్లు అమ్మే స్వెటర్లలో ఒకటి, ముదురు ఎరుపుది, బేరమాడి తెచ్చుకుంది. సంచి సర్ది మంచం కిందికి తోసింది. సంచి సిద్ధంగా ఉంటే తప్పేమీ లేదు కదా. పిలిస్తే అప్పుడు వెతుక్కోవడం ఎందుకని.

వారం ముందు తిప్పయ్య ఆఫీసు ఫోనులో నాసిక్ కంపెనీతో తనకొచ్చిన హిందీలో అరుస్తున్నాడు. "ఛత్తీస్ ఆద్మీ! ఛత్తీస్ గిలాస్!"

"ముప్పై ఐదన్నా," అంది వనజాక్షి పక్కనుంచి.

"ముప్పై ఆరు," అన్నాడు ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

"ముప్పై ఐదే అన్నా. నేను రాసినా కదా."

"నువ్వు రాసిందాంట్లో ఒకటి తక్కువుండాది. నాకు తెల్సులేమ్మా," అని మళ్లీ ఫోనులో అరవడం మొదలుపెట్టాడు. ఆంజిని కూడా లెక్కేస్తున్నాడు కాబోలు, డ్రైవరు కడుపు కూడా చూసే మనిషి, అనుకుంది వనజాక్షి.

వెంకటలక్ష్మమ్మ కూడా ఒకసారి వచ్చి సీట్ల పటం మీద వంగి చూసింది. ఆమెది ఎనిమిదో నంబరు. "ఈ ఏడో నంబర్లో ఎవర్నీ పెట్టద్దు మే. ఖాళీగానే ఉండనీ," అని వేలితో పొడిచి మరీ చెప్పింది. మోకాలి నొప్పుల మనిషి, కాలు చాపుకోవడానికి కాబోలు, అనుకుంది వనజాక్షి. అనుకున్నవన్నీ తనకు అడ్డంగా అనుకోవడంలో ఆమెను మించినవాళ్లు ఆ జిల్లాలో లేరు.

బయల్దేరే ముందు రోజు ఆఫీసు సంతలా ఉంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు, "దుప్పటి తెచ్చుకోవల్లనా అమ్మా?" "చెప్పులా బూట్సా?" "ఆడ కారం దొరుకుతాదా?" అని అడిగి పోతున్నారు. ఒక్కొక్కరు గుమ్మం దాటుతుంటే ఆమె తల ఎత్తి చూస్తుంది. సాయంత్రం ఐదింటికి తిప్పయ్య లేచాడు.

"వనజమ్మా, కాగితాలు, మాత్రల డబ్బా మరిసిపోవద్దు. గడియారం స్తంభం కాడ ఐదున్నరకు ఎక్కేస్తాం. ఆరింటికల్లా మీ వీధి మొగదల ఆగుతాది బండి."

తన వీధి మొగదల ఆ స్టాపు పెట్టింది ఆమే. అదే వీధిలో ఉండే వకీలు శ్రీకాంత్‌కు బత్తలపల్లె దగ్గర నాలుగెకరాల తోట ఉంది. అతనూ, భార్య సుష్మా అక్కడ ఎక్కాలి.

"సరే అన్నా," అంది.

తిప్పయ్య మెట్లు దిగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. సగం దిగి ఆగాడు. వెనక్కి తిరిగాడు. వనజాక్షి పెన్ను కింద పెట్టింది. కుర్చీలోంచి సగం లేచింది.

"ఆ ఫ్యాను ఆర్పి పో," అన్నాడు తిప్పయ్య.

ఆయన పోయాక ఆమె లేచి ఫ్యాను ఆర్పి వచ్చి కూర్చుంది. ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. ఆఫీసులో ఏడవడం ఆమెకు చేతకాదు.

అప్పుడు వచ్చాడు దాసప్ప. బెళుగుప్ప మనిషి, నుదుట నిలువు నామం, చేతిలో పాత గొడుగు. పోయిన ఏడే రెండెకరాల ద్రాక్ష పెట్టాడు. "తల్లీ, ఇప్పుడే తెలిసె. నాకేమన్నా సీటు దొరుకుతాదా? వైన్ గీన్ నాకొద్దు, మందు ముట్టేవాణ్ణి కాదు. వాళ్లు కొమ్మలెట్ల కత్తిరిస్తారో చూసొస్తా."

వనజాక్షి సీట్ల పటం చూసింది. ఏడో నంబరు గడి తెల్లగా ఉంది. నెల రోజులు ఎవరూ నింపని గడి. ఇంకెవరి కోసం?

"దొరుకుతాదన్నా," అని పెన్ను తీసి, ఏడో గడిలో దాసప్ప పేరు రాసేసింది. "నువ్వు ఉరవకొండలో ఎక్కు. ఏడో నంబరని చెప్పు."

"పుణ్యముంటాది తల్లీ," అన్నాడు దాసప్ప చేతులెత్తి.

ఆంజి వస్తే కాగితాల కవరు, మాత్రల డబ్బా అతని చేతిలో పెట్టింది. "ఈ పొద్దే ఏంటికక్కా?" అన్నాడతను. "బండిలోనే ఉండనీ," అంది. అతను సరేనని ఈల వేసుకుంటూ పోయాడు.

తెల్లవారింది. ఇంటి ఓనర్లు ఊళ్లో లేరు. ముందు గేటుకు రోజూలాగే రాత్రే తాళం వేసి, వెనక తన గదిలో కూర్చుని ఉంది వనజాక్షి. ఆరింటికి వీధి మొగదల బస్సు ఆగిన చప్పుడైంది. హారను మోగింది.

వకీలు కోసం. ఎక్కుతారులే.

మళ్లీ మోగింది. మళ్లీ. ఆ సుష్మ ఇంకా చీర కుచ్చిళ్లే సర్దుకుంటున్నట్టుంది. నాలుగు. ఐదు. ముందురోజు ఫోను చేసి మరీ చెప్పాను, ఐదూ యాభైకే వచ్చి నిలబడండని. ఆరు. మనుషులకు టైమంటే లెక్క లేదు. ఆ హారను ఆమె చెవిలో కాదు, రొమ్ములో మోగుతున్నట్టుంది. తను గీసిన దారి, తను మాట్లాడిన బస్సు, తన వీధిలోనే నిలబడి ఇంకెవరినో పిలుస్తోంది. వినలేక బాత్రూములోకి పోయి బకెట్టులోకి కొళాయి ధారగా తిప్పింది. అయినా వినపడుతూనే ఉంది, ఆమె లెక్కపెడుతూనే ఉంది. పదకొండు. ఆ తర్వాత బస్సు కదిలిపోయిన చప్పుడు. బకెట్టు నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. నీళ్లంటే ప్రాణం పెట్టే ఊళ్లో పుట్టింది, చప్పున కొళాయి కట్టేసింది.

సంఘానికి ఐదు రోజులు సెలవు. చేయడానికి పని లేదు. కాగితం ఆంజి దగ్గరున్నా యాత్ర మొత్తం ఆమె తలలోనే ఉంది. తొమ్మిదయ్యేసరికి, ఇప్పుడు బళ్లారిలో ఇడ్లీ తింటుంటారు, అనుకుంది. బళ్లారి తలపుకు రాగానే ఇంకోటి తలపుకొచ్చింది, దాన్ని తోసేసింది. ఒంటి గంటకు, హొస్పేట దాటి చెట్ల కింద విస్తళ్లు వేసుంటారు. రాత్రికి, షోలాపూరు సత్రంలో మగవాళ్లకు కింద, ఆడవాళ్లకు పైన. వెంకటలక్ష్మమ్మ వదిన మెట్లెక్కలేదు కదా, ఈ సంగతి రాయడం మరిచానే, అని తెగ బాధపడింది. తనకోసం ఒక్క గ్లాసు బియ్యం వండుకుని, సగం తిని, మూత పెట్టింది. రెండో రోజూ అంతే. వాళ్లు ఘాట్ ఎక్కితే ఈమె ఎక్కింది, వాళ్లు టీకి ఆగితే ఈమె టీ పెట్టుకుంది. ముప్పై ఆరు మందితో యాత్ర చేస్తూ ఆ గదిలో ఒంటరిగా తిరిగింది.

మూడో రోజు ఇంట్లో ఉండలేకపోయింది. పదకొండు గంటలకు వాళ్లు ఆ బల్ల దగ్గర ఉంటారు. ఆ గోడల మధ్య ఆ పదకొండు గంటల వేళను గడపడం తన వల్ల కాదనిపించింది. తాళాలు తీసుకుని ఆఫీసుకు నడిచింది. తలుపు తీసి, ఫ్యాను వేసి, కుర్చీలో కూర్చుంది. బీరువా మీద ఆ రంగుల పుస్తకం ఉంది. తీయలేదు.

పదకొండున్నరకు ఫోను మోగింది.

"హలో, ద్రాక్ష రైతుల సంఘం."

"సంఘమంట, సంఘం! యాడ సచ్చినావే? మూడు దినాల నుంచి ఈ నంబరుకే కొడతాండాం!" వెంకటలక్ష్మమ్మ. వకీలు సెల్ ఫోనులోంచి మాట్లాడుతోంది. వెనకాల గ్లాసుల చప్పుళ్లు, నవ్వులు.

"వదినా! బాగుండారా? షోలాపూర్లో మెట్లు ఎక్కగలిగినావా?"

"మెట్ల సంగతి మళ్ల. మా మీద నీకేం కోపమో ముందు చెప్పు."

"నాకేం కోపం వదినా?"

"కోపం లేకుంటే నీ సీటు ఆ దాసప్పకేంటికిచ్చినావు? ఆ పొద్దు నువ్వు రాకపోతే, జ్వరమేమో, వెనకాల బస్సులో బళ్లారికన్నా వస్తాదేమో అని నా సంచి పెట్టి సీటు పట్టుకుని కూర్చుంటి. ఉరవకొండలో ఎక్కి ఏడో నంబరు నాదంటాడా మనిషి! ఇది మా వనజది, లెయ్ అంటి. ఆయమ్మే పేరు రాసిచ్చిందన్యాడు. నాకెట్లుంటాది? మాతో కూర్చునేదానికి ఇష్టం లేదేమో, బళ్లారి మీద పోతాం కాబట్టి మనసొప్పలేదేమో, అని అందరం నోరు మూసుకుంటిమి."

వనజాక్షి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కాలు చాపుకునేదానికి ఖాళీ పెట్టమంటివి కదా వదినా?"

"నా కాలికేం రోగం? నా పక్కన నువ్వు కూర్చుంటావని."

పదేళ్లు లోపల దాచుకున్న మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది. ఎట్లాగో బయటికి తోసింది.

"నన్నెవరు పిలిచినారు వదినా?"

"ఏమంటివి?"

"నెల దినాలు చూస్తి. ఎవురన్నా ఒక్కరు, నువ్వూ రా అంటారేమోనని. సంచి కూడా సర్దుకుంటి. ఎవురూ అనలేదు."

"ఓసి నీ పాసుగూల!" వెంకటలక్ష్మమ్మ గొంతు ఒక్కసారి పగిలింది. "ఇంట్లో పెండ్లి పెట్టుకుని ఇంటి ఆడబిడ్డకు బొట్టుపెట్టి చెప్తారా ఎవరన్నా? పెండ్లి చేసేదే ఆ బిడ్డైతే? ముప్పై ఆరు, ముప్పై ఆరని మా ఆయన కొట్టుకుంటాంటే ఎవర్ని లెక్కేస్తాండాడనుకున్నావు?"

"ఆంజినని."

"ఆంజి బండి తోలేవాడు. వానికెవరన్నా గ్లాసిస్తారా? ఆ గ్లాసు నీది. దాసప్ప ముట్టనన్యాడు, బల్ల మీద అట్లే ఉండె. చూసి చూసి, నీ మీద కోపమొచ్చి నేనే తాగేస్తి."

వనజాక్షి ఏడుస్తూనే నవ్వింది. "ఎట్లుండాది వదినా?"

"నాకేం తెల్సు, వగరుగుండాది. ఈడ అందరూ కండ్లు మూసుకుని తలకాయలు ఊపుతాండారు, ఒక్కరికీ ఏం తెలిసి సావలేదు. నువ్వుంటే ఎన్ని దినాల ముందు కోసినారో చెప్పేదానివి. మీ అన్న కూడా నోట్లో పోసుకుని, వనజమ్మ ఉండల్లప్పా అనె. ఉండు, ఇస్తా."

ఫోను చేతులు మారింది. తిప్పయ్య గొంతు. ఎప్పుడూ కింది అంగడిదాకా వినపడే గొంతు, ఇప్పుడు చెవికి రిసీవరు నొక్కి పెట్టుకుంటే గానీ వినపడలేదు.

"వనజమ్మా. తప్పు నాది. ఒక్క మాట అనింటే పోయుండె. మెట్లకాడ వెనక్కి తిరిగి కూడా ఫ్యాను సంగతి చెప్పి వస్తి చూడు, నాలాంటి ఎద్దు ఉండడు. ఆ పొద్దు మీ వీధి మొగదల అర్ధగంట నిలబెట్టినామమ్మా. వకీలోళ్లు ముందే వచ్చి నిలబడింటే చప్పున ఎక్కేసినారు. నీకోసమే ఆగింది. వకీలు మీ గేటుకాడికి వచ్చి తట్టినాడు, బీగముండాది, లోపల యాడో నీళ్ల సప్పుడొస్తాందన్నాడు. నువ్వు వేరే దారిన వస్తాండావేమోనని ఆంజి చేత ఆరన్ కొట్టిస్తానే ఉంటి. పదిసార్లన్నా కొట్టింటాడు. వీధంతా లేచె, నువ్వు తప్ప."

"పదకొండు సార్లన్నా," అంది వనజాక్షి.

"ఏమంటివి?"

"పదకొండు సార్లు కొట్టినాడు. నేను లోపల కూర్చోని లెక్కబెడతాంటి."



"విని కూడా రాలేదామ్మా?" అన్నాడు తిప్పయ్య.

వనజాక్షి చెంగుతో మొహం తుడుచుకుంది.

"అది నన్ను పిలిచేదని నాకు తెలీలేదన్నా," అంది.